మెట్ల మురాసె పాట

ఎనభై దాటిన ముసలాయన చేత చెంపదెబ్బ తినడానికి యాభై దాటిన మగవాళ్ళు వరసలో నిలబడడం మీరెక్కడైనా చూశారో లేదో నాకు తెలియదు. జపాన్‌లోని మా ఒకజాకి ఊళ్ళో మాత్రం అదొక ముచ్చట. పాత విద్యార్థుల కలయిక అని పెట్టుకుంటారు. అప్పట్లో తమని చావబాదిన మాస్టారిని పిలిచి, పెద్దపీట వేసి, ఆయన గ్లాసు ఖాళీ కాకుండా బీరు పోస్తారు. కాస్త తలకెక్కాక "మాస్టారూ, పాత రోజుల పేరు చెప్పి ఒక్కటి తగిలించండి" అని చెంప చూపిస్తారు. ఆయన తగిలిస్తాడు. వీళ్ళు నడుం దాకా వంగి, "ధన్యుణ్ణి మాస్టారూ" అంటారు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ దెబ్బలే మమ్మల్ని మనుషుల్ని చేశాయని ఎవడో ఒకడు కళ్ళు తుడుచుకుంటాడు. నాకైతే ఒళ్ళు మండిపోతుంది.

నా పేరు చిజురు. స్టేషన్ వెనక సందులో చిన్న సెలూన్ నడుపుతాను. మా క్లాసు మగవాళ్ళలో సగం మంది నా దగ్గరికే వస్తారు. కాబట్టి వాళ్ళ తలల సంగతి నాకు తెలిసినంతగా వాళ్ళ పెళ్ళాలకి కూడా తెలియదు. పైన జుట్టు పలచబడింది. లోపల మొదటి నుంచీ పలచనే.

మేం మిడిల్ స్కూల్లో ఉన్న రోజుల్లో మగపిల్లలందరికీ గుండు తప్పనిసరి. ఆడపిల్లల స్కర్టు పొడవు స్కేలు పెట్టి కొలిచేవాళ్ళు. గేటు దగ్గర కాజితాని మాస్టారు వెదురు కత్తి పట్టుకుని నిలబడేవాడు. ఆయన వ్యాయామం మాస్టారు, కెండో అనే కత్తిసాము నేర్పేవాడు. కాలరు హుక్కు ఊడితే దెబ్బ, సాక్సు తెల్లగా లేకపోతే దెబ్బ, "గుడ్ మార్నింగ్" గొంతులోంచి కాక కడుపులోంచి రాకపోతే దెబ్బ. చేత్తో కొట్టడమంటే ఆయనకి మరీ ఇష్టం. వెదురు కత్తి మీద పగుళ్ళుండేవి గానీ ఆ చేతి మీద ఏమీ ఉండేవి కాదు.

అలాంటి చోట మాకు ఊపిరాడనిచ్చింది పాటలే. గురువారం రాత్రి టీవీలో పాటల పోటీ వస్తుంటే, టేప్ రికార్డర్ని స్పీకర్‌కి ఆనించి, ఇంట్లో అందర్నీ నోరు మూసుకోమని బతిమాలి రికార్డు చేసేవాళ్ళం. నా క్యాసెట్టులో సగం పాటల మధ్యలో "చిజురూ, స్నానానికి రావే, నీళ్ళు చల్లారిపోతున్నాయి" అని మా అమ్మ గొంతు ఉంటుంది. ఆ పోటీలో గులాబీ రంగు గౌన్లేసుకుని ఆడిపాడే అమ్మాయిల పాటలు మాకు నోటికొచ్చు, చేతులు తిప్పడంతో సహా. కానీ మేం ప్రాణం పెట్టింది మాత్రం 'అకాసబి' మీద. నలుగురు రౌడీల్లాంటి కుర్రాళ్ళు, జుట్టు నిక్కబొడుచుకుని, గొంతు చించుకుని పాడేవాళ్ళు. వాళ్ళ 'రేపుని రమ్మను' అనే పాట మా పదిహేనేళ్ళ వయసుకి జాతీయగీతం. "రేపనేది ఉంటే, నన్ను వెతుక్కుంటూ దాన్నే రమ్మను" అని చివర నలుగురూ కలిసి అరిచేవాళ్ళు. మా క్లాసు మురాసె, నేను, ఇంకో ఇద్దరు కలిసి ఆ పాట వాయించడానికే ఒక బ్యాండు పెట్టాం. మురాసె గిటారు, నేను బేస్ గిటారు. స్కూలు ఉత్సవంలో వాయిస్తామంటే కాజితాని మాస్టారు మా దరఖాస్తు చించి చెత్తబుట్టలో పారేశాడు. రాక్ పాటలు పిల్లల్ని నాశనం చేస్తాయట.

మురాసె నోట్లో నాలుక లేని పిల్లాడు. వాడు అంత పని చేస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు. వాడు బ్రాడ్‌కాస్ట్ కమిటీలో ఉండేవాడు. మధ్యాహ్నం మేమంతా క్లాసుల్లో కూర్చుని భోజనం చేస్తుంటే, పై అంతస్తులోని చిన్న గదిలోంచి స్పీకర్లలో సంగీతం వేయడం వాడి పని. మాస్టార్లు ఒప్పుకున్న సంగీతమే వేయాలి. ఆ రోజు వాడు క్యాసెట్టు మార్చేశాడు. అన్నం నోట్లో ఉండగా అకాసబి గిటారు మోగింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు, తర్వాత బడంతా ఈలలు. పాట చివరికొచ్చేసరికి వాడికి ఏం పూనిందో, మైకు తెరిచి తనూ పాడడం మొదలుపెట్టాడు. గొంతు అప్పుడే మారుతున్న వయసు, శ్రుతి ఎక్కడికో పోయింది. అయినా నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ తర్వాతది బడి మొత్తం విన్నది. తలుపు దడాల్న తెరుచుకున్న చప్పుడు. "ఆపరా" అన్న కాజితాని మాస్టారి గొంతు. ఆ వెంటనే దెబ్బ. వాడు మైకు ముందు కూర్చుని ఉన్నాడు, ఆయన వెనక నుంచి వచ్చి అరచెయ్యి విసిరాడు. అది కుడి చెవి మీద నిండుగా పడింది. కుర్చీ పడిపోయిన చప్పుడు. అకాసబి మాత్రం పాడుతూనే ఉంది. తర్వాత ఎవరో మీట నొక్కేశారు.

మురాసెకి ఆ చెవి మళ్ళీ వినపడలేదు. బడివాళ్ళు రాసుకున్నది వేరు. బ్రాడ్‌కాస్ట్ గదిలోంచి పరిగెత్తుకుంటూ వస్తూ మెట్ల మీంచి పడ్డాడని. స్పీకర్లలో విన్న వందల మంది పిల్లలూ మర్నాటికల్లా మెట్లే అన్నారు. మురాసె వాళ్ళమ్మ కొడుకు వల్ల బడికి ఇబ్బంది కలిగిందని మిఠాయి డబ్బా పట్టుకెళ్ళి కాజితాని మాస్టారికి వంగి వంగి క్షమాపణ చెప్పుకొచ్చింది. నేను ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి దెబ్బ చప్పుడు విన్నానని చెప్పాను. ఆయన మా నాన్నని పిలిపించాడు. మా నాన్న, మాది క్రమశిక్షణ గల ఇల్లని చూపించడానికి, ప్రిన్సిపాల్ కళ్ళ ముందే నన్ను పెదవి చిట్లేలా కొట్టాడు. ప్రిన్సిపాల్ ఆయనకి టీ ఇప్పించాడు.

అప్పటి నుంచీ వాడి పేరు మెట్ల మురాసె. గుండు పోయి జుట్టొచ్చింది, జుట్టు నెరిసి పలచబడింది, ఆ పేరు మాత్రం పోలేదు.

వాడు ఇప్పుడు రాతి పని చేస్తాడు. సమాధి రాళ్ళు చెక్కుతాడు. పెళ్ళి చేసుకోలేదు. జుట్టు కత్తిరించేటప్పుడు నేను ఎడమవైపు నిలబడి మాట్లాడతాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే అకాసబి పాటలో గొంతు ఎడమ చెవిలోనూ గిటారు కుడి చెవిలోనూ వస్తుంది. తను వేళ్ళు తెగేలా సాధన చేసిన ఆ గిటారు వాడు మళ్ళీ అలా వినలేదు. ఈ సంగతి వాడు ఒక్కసారే చెప్పాడు, అదీ నవ్వుతూ. మా ఊళ్ళో మగవాళ్ళకి ఏడవడం చేతకాదు.

మొన్న ఏప్రిల్లో వాడు కుర్చీలో కూర్చుని అద్దంలోకి చూస్తూ, "ఈసారి కలయికకి నేనూ వస్తా" అన్నాడు.

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఎందుకురా? ఇన్నేళ్ళు రాని వాడివి."

"మొన్న వృద్ధాశ్రమానికెళ్తే మా అమ్మ నన్ను సరిగ్గా గుర్తుపట్టలేదు. వచ్చేస్తుంటే మాత్రం చెయ్యి పట్టుకుని, 'మెట్ల దగ్గర జాగ్రత్త బాబూ, మళ్ళీ పడతావు' అంది. అందర్నీ మర్చిపోయిందే చిజురూ, మెట్లు మాత్రం మర్చిపోలేదు."

నేను వాడి మెడ మీద పడ్డ వెంట్రుకలు దులిపాను.

"ఆయన అందరి ముందూ ఒక్క మాట అనాలి. 'నేనే కొట్టాను' అని. నేను విని వచ్చేస్తా. క్షమాపణ కూడా అక్కర్లేదు."

"అనకపోతే?"

కప్పిన గుడ్డ కింద వాడి పిడికిళ్ళు బిగుసుకున్నాయి. రాళ్ళు పగలగొట్టే చేతులవి. ముసలాయన ప్రాణం ఆ రెండు చేతుల మధ్య ఉన్నట్టు నాకు ఆ రోజే అనిపించింది.

కలయిక పెట్టుకున్న ఆదివారం ముందు భోజనం, తర్వాత నది పక్కన, యంత్రం సంగీతానికి గొంతు కలిపి పాడుకునే కరావోకేలో పెద్ద గది. ఏర్పాట్లన్నీ కురియామావి. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ ఉంది వాడికి, గొంతు ఆ ఫ్యాక్టరీ కంటే పెద్దది. చిన్నప్పుడు కాజితాని మాస్టారి వెదురు కత్తి మోసేవాడు. మురాసె గుమ్మంలో కనపడగానే మైకులో అరిచాడు.

"ఓరి నాయనో, మెట్లు వచ్చాడ్రోయ్! జాగ్రత్తరా బాబూ, గుమ్మం దగ్గర మెట్టుంది!"

గదంతా గొల్లున నవ్వింది. మురాసె తల వంచి, ఓ మూల కూర్చున్నాడు.

పాటలు మొదలయ్యాయి. నిజం చెప్పొద్దూ, కాసేపు నాకూ మనసు కరిగింది. అమ్మమ్మలైన ఆడవాళ్ళు లేచి గులాబీ గౌన్ల పాటకి చేతులు తిప్పారు, ఒక్క భంగిమ తప్పు పోలేదు. మోకాళ్ళు మాత్రం సహకరించలేదు. మగవాళ్ళు కన్నీళ్ళ పాటలు పాడుకుని, పాడుకుని, ఒకరి భుజాలు ఒకరు పట్టుకున్నారు. ఆ పాటలు మాకు దక్కిన ఒకే ఒక్క మంచి వస్తువు. అవి వింటుంటే బడి కూడా మంచిదే అనిపిస్తుంది, అదే వాటితో వచ్చిన ప్రమాదం.

అప్పుడు కాజితాని మాస్టారు రిమోట్ తీసుకున్నాడు. వెన్ను ఇంకా నిటారుగానే ఉంది, రోజూ పొద్దున్నే వెదురు కత్తి తిప్పుతాడట. "మీ కాలం పాట ఒకటి నాకూ ఇష్టం. ఇది వింటే మీరంతా నా కళ్ళ ముందు కనపడతారు" అన్నాడు.

అకాసబి గిటారు మోగింది.

నేను మురాసె వైపు చూశాను. వాడి ముఖం వాడు చెక్కే రాళ్ళ రంగులోకి తిరిగింది. ముసలాయన 'రేపుని రమ్మను' పాడాడు. కవాతు చేస్తున్నట్టు, ప్రతి పదాన్నీ నేలకేసి కొడుతూ, హాయిగా పాడాడు. అందరూ లేచి గొంతు కలిపారు. కురియామా ఏడ్చేశాడు కూడా. పాట అయిపోగానే "మళ్ళీ, మళ్ళీ" అని అదే పాట తిరిగి పెట్టించి, మైకు కింద పెట్టి ముందుకొచ్చాడు.

"మాస్టారూ! ఒక్కటి!"

ఆయన నవ్వుతూ లేచాడు. చెయ్యి విసిరాడు. కురియామా తల పక్కకి తిరిగిపోయింది, ఉమ్ములో నెత్తురు జీర కనపడింది. "ధన్యుణ్ణి మాస్టారూ!" అన్నాడు. చప్పట్లు. వెనకాల వరస కట్టారు. ఒక్కొక్కడికీ ఒక్కో దెబ్బ. కళ్ళజోళ్ళు తీసి చేత్తో పట్టుకున్నారు, ఒకడు కట్టుడు పళ్ళు తీసి జేబులో పెట్టుకున్నాడు. ముసలాయన ముఖం కుర్రాడి ముఖంలా ఎర్రగా అయింది. పక్కనే అకాసబి పాడుతూనే ఉంది. వరస చివర మురాసె నిలబడి ఉండడం అప్పుడు చూశాను.

వాడి వంతు వచ్చింది. ఆయన చెయ్యెత్తాడు.

"మాస్టారూ, నేను మురాసెని."

"మురాసె... మురాసె... ఏ జట్టు?"

"బ్రాడ్‌కాస్ట్ కమిటీ. మధ్యాహ్నం సంగీతం వేసేవాణ్ణి."

ముసలాయన ముఖం వెలిగిపోయింది. ఎత్తిన చెయ్యి దించి వాడి భుజం మీద ఆప్యాయంగా వేశాడు. "ఆఁ, మెట్ల మీంచి పడ్డ పిల్లాడివి! చెవి ఎలా ఉంది నాయనా? మీ అమ్మగారు మంచి మనిషి. నీ తప్పుకి ఆవిడ మిఠాయి పట్టుకొచ్చింది, పాపం."

నేను దగ్గర్లోనే ఉన్నాను, ఆయన కళ్ళు చూశాను. నటన లేదు. తను చెప్పిన అబద్ధాన్నే ఇన్నేళ్ళుగా నమ్ముకుంటూ వచ్చాడు ఆ మనిషి. అబద్ధమాడేవాణ్ణి పట్టుకోవచ్చు, ఇలాంటివాణ్ణి ఎక్కడ పట్టుకుంటాం?

"నేను పడలేదు మాస్టారూ. మీరు కొట్టారు. ఆ మాట అనండి చాలు."

చప్పట్లు ఆగాయి. కురియామా పరిగెత్తుకొచ్చి మురాసె మెడ చుట్టూ చెయ్యి వేశాడు. "ఏంట్రా మెట్లూ, తాగింది ఎక్కువైందా? పెద్దాయన ముందు ఈ గోలేంటి? పద బయటికి." నవ్వుతూనే మెడ బిగించి లాగాడు.

మురాసె మోచెయ్యి వెనక్కి వెళ్ళింది. కురియామా ముక్కు విరిగిన చప్పుడు పాటలోంచి కూడా వినపడింది. తెల్ల చొక్కా మీద నెత్తురు బొటబొటా కారింది. జూడో జట్టులో ఉండిన ఒక లావుపాటివాడు వెనక నుంచి పట్టుకున్నాడు. మురాసె వాణ్ణి అలాగే వీపు మీదకెత్తి బల్ల మీద వేశాడు. గ్లాసులు, వేయించిన కోడి ముక్కలు, బీరు, మనిషి, అన్నీ కలిసి నేల మీద పడ్డాయి. ఆ లావుపాటివాడి అరచేతిలో గాజు దిగి, ఆడదానిలా కీచుమన్నాడని రాద్దామనుకున్నాను గానీ, అక్కడ ఆడవాళ్ళెవరూ కీచుమనలేదు. గోడకి అంటుకుపోయి చూస్తున్నారు. కురియామా మూలుగుతూ లేచి బీరు సీసా మెడ పట్టుకున్నాడు. మురాసె వీపు వాడి ముందే ఉంది. నా చేతికి పాటకి తాళం వేసే గజ్జెల టాంబొరిన్ దొరికింది. దాని అంచుతో వాడి నుదుటి మీద నాకున్న బలమంతా పెట్టి కొట్టాను. గజ్జెలు గలగలమన్నాయి. వాడు కూలబడ్డాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ దెబ్బ కొట్టినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

మురాసె అప్పటికే ముసలాయన కాలరు పట్టుకుని గోడకి అదిమాడు. ఆయన కాళ్ళు నేలకి అందీ అందకుండా ఉన్నాయి. కళ్ళజోడు జారి కింద పడితే ఎవరో తొక్కేశారు.

"అనండి."

"ఎంతోమందిని కొట్టాను బాబూ, కాదనను. కానీ నిన్ను... నువ్వు మెట్ల మీంచి..."

"అనండి!"

పిడికిలి లేచింది. అయిపోయింది, చంపేశాడు అనుకున్నాను. "మురాసే!" అని అరిచాను. ఆ పిడికిలి ముసలాయన తల పక్క నుంచి వెళ్ళి గోడ చెక్కలోకి మణికట్టు దాకా దిగింది. వాడు చెయ్యి బయటికి లాగితే వేళ్ళ కణుపుల మీద చర్మం లేదు. ముసలాయన వణుకుతున్నాడు. భయం ఉంది, కానీ కళ్ళలో మాత్రం ఏమీ లేదు. ఆ దెబ్బ కోసం ఆయన నిజంగానే లోపల వెతుకుతున్నాడు, దొరకడం లేదు.

మురాసె కాలరు వదిలేశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. యంత్రంలో పాట చివరికొచ్చింది. వాడు ముసలాయన ముఖంలోకి చూస్తూ పాడడం మొదలుపెట్టాడు.

మైకు లేదు. శ్రుతి లేదు. ఒక్క చెవే వినపడే, యాభై దాటిన మనిషి, పదిహేనేళ్ళప్పటి గొంతుతో, "రేపనేది ఉంటే, నన్ను వెతుక్కుంటూ దాన్నే రమ్మను" అని గొంతు చించుకుని అరిచాడు. తెరిచిన నోరు, పొంగిన నరాలు, నెత్తురు కారే చెయ్యి. ముసలాయన ముఖం ఒక్కసారిగా బిగుసుకుంది. వీపు నిటారైంది.

"ఆపరా!"

ఆ చెయ్యి ఎప్పుడు లేచిందో మేమెవరం చూడలేదు. ఆయన కూడా చూసి ఉండడు. వరసలో వాళ్ళకి పంచిన వేడుక దెబ్బ కాదిది. అరచెయ్యి దొప్పలా వంగి, మురాసె ఎడమ చెవి మీద నిండుగా పడింది. ఆ చప్పుడు నేను ఎరుగుదును. అన్నం నోట్లో పెట్టుకుని స్పీకర్లో విన్న ప్రతివాడూ ఎరుగును.

మురాసె మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ముసలాయన తన అరచేతికేసి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. పాట అయిపోయింది, ఎవరూ ఇంకోటి పెట్టలేదు.

"కుర్చీలో కూర్చున్నావు" అన్నాడు నెమ్మదిగా. "వెనక నుంచి వచ్చాను. నువ్వు పాడుతున్నావు. నన్ను చూడలేదు." ఆయన ఆ చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. "మెట్ల దగ్గరికి నువ్వు వెళ్ళనే లేదు. ఆ మాట నేను రాయించాను. నేనే కొట్టాను."

కాళ్ళు మడిచి కూర్చుని, నుదురు ఆ బీరు తడిసిన తివాచీకి ఆనించాడు. "నేనే కొట్టాను. నేనే."

గదిలో అందరూ విన్నారు. ముక్కు పట్టుకున్న కురియామా విన్నాడు. చెంపలు కందిపోయిన మగవాళ్ళు తలలు దించుకున్నారు. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నాకు కోపం, సంతోషం, ఏడుపు అన్నీ ఒక్కసారే వచ్చాయి. అన్నాడ్రా మురాసే, అనేశాడు, అనుకుంటూ వాడి దగ్గరికి పరిగెత్తాను.

వాడి ఎడమ చెవిలోంచి సన్నగా నెత్తురు దారం మెడ మీదికి దిగుతోంది. వాడు మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"ఏమన్నాడు?" అన్నాడు. గొంతు ఎంత పెద్దగా ఉందో వాడికి తెలియడం లేదు. "చిజురూ, ఏమన్నాడే? ఏదో అన్నాడు కదా, ఏమన్నాడు?"

"తనే కొట్టానన్నాడురా! ఒప్పుకున్నాడు!" వాడి ముఖం రెండు చేతులతో పట్టుకుని అరిచాను.

వాడు నా పెదవులకేసి చూసి, తల అడ్డంగా ఊపాడు. తర్వాత ముసలాయన భుజాలు పట్టుకుని, బల్ల మీద రాయిని లేపినంత జాగ్రత్తగా లేపి కూర్చోబెట్టాడు. ముఖానికి ముఖం దగ్గరగా పెట్టాడు.

"ఇంకోసారి అనండి మాస్టారూ. గట్టిగా."

"నేనే కొట్టాను!" ముసలాయన గేటు దగ్గర అరిచే గొంతుతో అరిచాడు. గాజు తలుపు అదిరింది. బయట నడవాలో ఎవరో ఆగి లోపలికి తొంగిచూశారు.

"గట్టిగా."

ఆయన మళ్ళీ అరిచాడు. ఆ తర్వాత మళ్ళీ. గొంతు చీరుకుపోయి దగ్గు తెరలు వచ్చేదాకా అరిచాడు. మురాసె ఆయన నోటికేసి కన్నార్పకుండా చూస్తూ, "ఇంకొంచెం గట్టిగా మాస్టారూ, ఇంకొంచెం" అని బతిమాలుతూనే ఉన్నాడు.